రంగు చెప్పే లోతు, కెరటం చెప్పే లోతు

బాపట్ల జిల్లా కారంచేడులో బయలుదేరి చీరాల మీదుగా వెళితే వాడరేవు వస్తుంది. అక్కడ నేల అయిపోయి బంగాళాఖాతం మొదలవుతుంది. నేలమీద ఉన్నంతసేపూ ఎంత దూరం వచ్చామో రోడ్డు పక్క రాళ్ళు చెబుతాయి. మరి ఒడ్డు దాటిన తరువాత? ఒక కిలోమీటరు దూరాన సముద్రం ఎంత లోతు? ఐదు కిలోమీటర్ల దూరాన ఎంత? అది చెప్పే రాయి అక్కడ లేదు. నీటిని పైనుంచి ఎంతసేపు చూసినా అడుగు కనిపించదు.

అయినా కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం తీసిన బొమ్మను చూసి, తీరం దగ్గర నీటి లోతును లెక్క కడుతున్నారు. ఉపగ్రహం నీటిలోకి తాడు దింపదు కదా! మరి ఎలా సాధ్యం? మన తీరానికి ఆ పద్ధతి పనికివస్తుందా? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

లోతు ఎందుకు తెలియాలి?

పడవలు నేలకు తగలకుండా ఉండటానికి అని మీరు వెంటనే అంటారు. నిజమే. కాని మన తీరానికి అంతకంటె పెద్ద కారణం ఒకటి ఉంది. అది ఉప్పెన.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరాన్ని తాకింది. సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి దివిసీమ ఊళ్ళమీద పడింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీరు.

నీరు అంత ఎత్తు ఎలా లేచింది? మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువల్ల తుపాను వెళ్ళే దారికి కుడివైపున గాలి సముద్రం మీదినుంచి నేలవైపు వీస్తుంది. దివిసీమ ఆ కుడివైపున పడింది. గాలి నీటిని ఒడ్డుకు నెడుతూ ఉంటుంది. సముద్రం లోతుగా ఉంటే, పైన ఒడ్డుకు వచ్చిన నీరు అడుగునుంచి వెనక్కు జారిపోతుంది. లోతు తక్కువైతే అలా పోవటానికి చోటుండదు. వచ్చిన నీరు వచ్చినట్లే పేరుకుపోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు 180 కిలోమీటర్ల గాలి, 10 మీటర్ల లోతున్న నీటిని నెడితే నీటిమట్టం కిలోమీటరుకు ఇంచుమించు 7 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. అంటే 30 కిలోమీటర్లకు 2 మీటర్ల పైచిలుకు! అదే గాలి 20 మీటర్ల లోతున్న నీటిని నెడితే పెరుగుదల అందులో సగమే. నిజమైన ఉప్పెనలో తీరం వంపు, తుపాను నడిచే వేగం, అది పోటు సమయమా ఆటు సమయమా అన్నవి కూడా చేరతాయి. అయినా ఒక్క సంగతి మాత్రం స్పష్టం. గాలి ఎంతో తెలిసినా, లోతు తెలియకపోతే ఉప్పెన ఎత్తు తెలియదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇలాంటి తుపాను వస్తున్నదని తెలియగానే ఏ ఊరి దాకా నీరు రావచ్చో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో కంప్యూటర్లతో లెక్క కడతారు. ఆ లెక్కకు తీరం దగ్గరి లోతులు కావాలి. లోతులు తప్పయితే లెక్కా తప్పుతుంది.

బారల నుంచి ప్రతిధ్వని దాకా

పూర్వం లోతు కొలవటానికి తాడుకు సీసపు గుండు కట్టి నీటిలో వదిలేవారు. గుండు అడుగుకు తగలగానే తాడును పైకి లాగి, ఎన్ని బారలు తడిసిందో లెక్కపెట్టేవారు. రెండు చేతులూ చాపితే వచ్చే పొడవే బార. మన మత్స్యకారులు ఇప్పటికీ లోతును బారల్లో చెబుతారు.

తరువాత ప్రతిధ్వనితో కొలిచే యంత్రం వచ్చింది. ఓడ అడుగునుంచి ధ్వనిని పంపితే అది సముద్రపు అడుగున తగిలి తిరిగివస్తుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. కాబట్టి పట్టిన కాలాన్ని బట్టి లోతు తెలుస్తుంది. చాలా కచ్చితమైన పద్ధతి ఇది.

కాని ఒక చిక్కుంది. లోతు బాగా ఉన్నచోట ఓడ సుఖంగా తిరుగుతుంది. మనకు కావలసిన చోట, అంటే ఒడ్డు దగ్గర, ఓడ నేలకు తగులుతుంది. చిన్న పడవ వేసుకుని, పొలంలో సాళ్ళు దున్నినట్లు వరస వెంట వరస తిరగాలి. దానికి ఎన్నో రోజులు పడుతుంది. అంతా అయ్యాక ఒక తుపాను వచ్చిందంటే ఇసుక మేటలు చోటు మారిపోతాయి. మళ్ళీ మొదటినుంచి కొలవాలి!

అందుకే శాస్త్రజ్ఞుల చూపు ఆకాశం వైపు తిరిగింది.

వెలుగు సగం, సగంలో సగం

మీ ఇంటి గాబులో అడుగున తెల్లటి పింగాణీ పళ్ళెం పెట్టి నీళ్ళు నింపండి. నీరు తేటగా ఉంటే పళ్ళెం కనిపిస్తుంది. అంటే సూర్యుడి వెలుగు నీటిలో దిగి, పళ్ళెం మీద పడి, తిరిగి పైకి వచ్చి మీ కంట్లో పడిందన్నమాట. ఈ ప్రయాణంలో నీరు కొంత వెలుగును మింగేస్తుంది. నీరు ఎంత లోతైతే అంత ఎక్కువ మింగుతుంది.

అన్ని రంగులనూ నీరు ఒకేలా మింగదు. కంటికి కనిపించని పరారుణ కాంతి స్వచ్ఛమైన నీటిలో కూడా 15 సెంటీమీటర్లు పోయేసరికే ఇంచుమించు సగమవుతుంది. ఎరుపు 2 మీటర్లకు సగమవుతుంది. ఆకుపచ్చ సుమారు 12 మీటర్లకు సగమవుతుంది. నీలం ఇంకా చాలా లోతుకు పోతుంది. లోతైన సముద్రం నీలంగా కనిపించటానికి ఇదొక ముఖ్య కారణం. స్వచ్ఛమైన ఈ నీటికంటె సముద్రపు నీటిలో వెలుగు ఇంకా త్వరగా తగ్గుతుంది.

ఉపగ్రహం తన కింది ప్రాంతాన్ని చదరంగపు బల్లలా చిన్న చిన్న గడులుగా చూస్తుంది. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ప్రతి గడి నుంచి ఎంత నీలం వచ్చింది, ఎంత ఆకుపచ్చ వచ్చింది, ఎంత ఎరుపు వచ్చింది అని విడివిడిగా అంకెలు రాసుకుంటుంది. మనకు దొరికేది ఆ అంకెలే. ఉపగ్రహం లోతును కొలవదు, వెలుగును కొలుస్తుంది. వెలుగు నుంచి లోతును రాబట్టే పని మనది.

ఎలా రాబట్టాలో చూద్దాం. తేట నీటి తీరంలో మూడుచోట్ల పడవమీద వెళ్ళి తాడుతో లోతు కొలిచాం అనుకోండి. అదే మూడు గడుల ఆకుపచ్చ అంకెలను ఉపగ్రహం బొమ్మలో చూశాం.

2 మీటర్ల లోతున 64
4 మీటర్ల లోతున 32
6 మీటర్ల లోతున 16

ఏం గమనించారు? లోతు 2 మీటర్లు పెరిగినప్పుడల్లా అంకె సగమవుతున్నది. పడవ వెళ్ళని మరో గడిలో 8 అని ఉంది. అక్కడ లోతెంత? 16లో సగం 8 కాబట్టి 8 మీటర్లు! మూడుచోట్ల తాడు వేసి, వేల గడుల లోతు చెప్పవచ్చు. ఈ పద్ధతిలోని కీలకం ఇదే. మీరు పెద్ద తరగతికి వెళ్ళాక సంవర్గమానాలు నేర్చుకుంటారు. వాటితో 24, 13 వంటి మధ్య అంకెలకు కూడా లోతు కట్టవచ్చు.

అయితే ఉపగ్రహానికి చేరిన వెలుగంతా అడుగునుంచి వచ్చింది కాదు. అందులో పెద్ద భాగం దారిలో గాలి వెదజల్లినదే. కొంత నీటి ఉపరితలం మీద తళుక్కుమన్న ఎండ. వీటిని ముందుగా తీసివేయాలి. అడుగు వెలుగు అసలు రాని లోతైన సముద్రపు గడిలో అంకె ఎంతో చూసి, దాన్ని మిగతా గడుల నుంచి తీసివేయటం ఒక ఉపాయం. పైన మనం చెప్పుకున్నవి అలా తీసివేసిన తరువాత మిగిలిన అంకెలు.

ఓడ, ఉపగ్రహం కలిసి చేసిన పరీక్ష

1972 జూలై 23న అమెరికా లాండ్‌శాట్ వరసలో మొదటి ఉపగ్రహాన్ని పంపింది. మొదట్లో అది చూసే గడి ఒక్కొక్కటి సుమారు 80 మీటర్లు ఉండేది. 1975లో నాసా శాస్త్రజ్ఞులూ, ఫ్రాన్సు దేశపు సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో బృందమూ కలిసి బహామా దీవుల దగ్గర ఒక పరీక్ష చేశారు. ఆకాశంలో లాండ్‌శాట్, నీటిమీద కూస్తో ఓడ కలిప్సో. ఓడ కొలిచిన లోతును ఉపగ్రహపు అంకెలతో పోల్చి చూశారు. నీరు తేటగా ఉండి, అడుగున తెల్లని ఇసుక ఉంటే 22 మీటర్ల లోతు దాకా చెప్పవచ్చునని తేలింది. 1978లో డేవిడ్ లైజెంగా ఈ లెక్కకు ఒక పద్ధతిని రాసి ప్రకటించాడు.

ఇక్కడ ఒక తెలివైన విద్యార్థికి సందేహం రావాలి. అడుగున తెల్లని ఇసుక కాకుండా నల్లని నాచు ఉంటే? నాచు వెలుగును తక్కువగా తిప్పి పంపుతుంది. 2 మీటర్ల లోతులో నాచు ఉన్న గడికి 64 బదులు 32 వస్తుంది. దాన్ని మనం 4 మీటర్లు అనుకుంటాం. మోసపోయినట్లే!

దీనికి మందు రెండో రంగు. పై నీటిలోనే నీలం 4 మీటర్లకు సగమవుతుందని అనుకుందాం. 2 మీటర్ల లోతున ఇసుకమీద నీలం 80, ఆకుపచ్చ 64. నిష్పత్తి 1.25. అదే లోతున నాచుమీద నీలం 40, ఆకుపచ్చ 32. ఈ నిష్పత్తీ 1.25! నాచు రెండు రంగులనూ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తే నిష్పత్తి మారదు. ఇప్పుడు 6 మీటర్ల లోతు చూడండి. ఇసుకమీద నీలం 40, ఆకుపచ్చ 16. నిష్పత్తి 2.5. అంటే అడుగు రంగు మారితే నిష్పత్తి కదలదు, లోతు మారితే కదులుతుంది. 2003లో రిచర్డ్ స్టంఫ్, ఆయన తోటివారు ఈ నిష్పత్తి ఆలోచనతోనే హవాయి దీవుల పగడపు దిబ్బల చుట్టూ లోతులు లెక్క కట్టారు. అక్కడ వారు అంకెల సంవర్గమానాల నిష్పత్తి తీసుకున్నారు.

మన తీరంలో ఏమవుతుంది?

ఈ పద్ధతి లక్షద్వీపాలకూ అండమాను దీవులకూ చక్కగా సరిపోతుంది. అక్కడి నీరు తేట. ఇక వాడరేవు, సూర్యలంక, నిజాంపట్నం వైపు చూడండి. వరదలప్పుడు కృష్ణ ఒండ్రు తెచ్చి పోస్తుంది. ఒడ్డు దగ్గర కెరటాలు అడుగు బురదను లేపుతాయి. ఇలాంటి నీటిలో వెలుగు అడుగుదాకా పోదు. పోయినా తిరిగి రాదు.

అంతకంటె ప్రమాదం మరొకటి ఉంది. నీటిలో తేలే బురద కూడా వెలుగును వెనక్కు తిప్పుతుంది. అందువల్ల లోతైన బురద నీరు ఉపగ్రహానికి మెరుస్తూ కనిపిస్తుంది. దాన్ని మనం లోతు తక్కువ ఇసుక అనుకుంటాం! నీరు తేటగా ఉందో లేదో చూడకుండా సూత్రం వేస్తే లెక్క సరిగానే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు.

అందుచేత ఇలాంటి తీరాల్లో ఒక్క బొమ్మను నమ్మరు. ఇప్పుడు ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు ప్రతి చోటునూ సుమారు ఐదు రోజులకొకసారి చూస్తాయి. వాటి గడి 10 మీటర్లే. ఎన్నో బొమ్మల నుంచి, నీరు కాస్త తేరుకున్న రోజులవి ఏరుకుంటారు. అయినా బురద నీటి తీరంలో దొరికే లోతు కొద్దిపాటి మీటర్లే. మరి మిగతాదాని మాటేమిటి?

రంగు దాచినదాన్ని కెరటం చెబుతుంది

సూర్యలంకలో నిలబడి కెరటాలను చూడండి. దూరాన కెరటాల మధ్య ఎడం ఎక్కువ. ఒడ్డుకు వస్తున్నకొద్దీ అవి దగ్గర దగ్గరగా చేరతాయి. ఎందుకు? లోతు తగ్గేకొద్దీ కెరటానికి అడుగు తగులుతుంది, వేగం తగ్గుతుంది. ముందున్నది నెమ్మదించగా వెనుకది దగ్గరకు వస్తుంది. నీరు ఎంత బురదగా ఉన్నా ఈ సంగతి మారదు.

లోతు తక్కువైన నీటిలో ఒక సులభసూత్రం ఉంది. కెరటం వేగాన్ని దానితోనే హెచ్చించి 9.8తో భాగిస్తే లోతు వస్తుంది. 9.8 అంటే మీరు చదువుకున్న భూమ్యాకర్షణ త్వరణమే.

ఉపగ్రహం బొమ్మలో దూరాన కెరటం నుంచి కెరటానికి 100 మీటర్లు ఉందనుకోండి. లోతైన నీటిలో అంత పొడవైన కెరటాలు 8 సెకన్లకు ఒకటి చొప్పున వస్తాయి. ఒడ్డుకు వచ్చినా ఈ 8 సెకన్లు మారవు. ఒడ్డు దగ్గర ఆ ఎడం 40 మీటర్లకు తగ్గింది. 40ని 8తో భాగిస్తే వేగం సెకనుకు 5 మీటర్లు. 5 × 5 = 25. 25 ÷ 9.8 = 2.55. అంటే లోతు సుమారు రెండున్నర మీటర్లు. పూర్తి సూత్రంతో చేస్తే 2.7 మీటర్లు వస్తుంది. మన సులభసూత్రం పెద్దగా తప్పలేదు!

ఈ ఉపాయం కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైన్యాలు దిగటానికి ముందు, శత్రువుల అధీనంలో ఉన్న ఆ ఒడ్డు వాలును బ్రిటిష్ వారు విమానం నుంచి తీసిన కెరటాల ఫొటోలతోనే అంచనా వేశారు. యుద్ధానికి పుట్టిన లెక్క ఇప్పుడు ఉప్పెన నుంచి మనుషులను కాపాడటానికి పనికివస్తున్నది. సెంటినెల్-2 నీలం బొమ్మకూ ఎరుపు బొమ్మకూ మధ్య దాదాపు ఒక సెకను తేడా ఉంటుంది. ఆ ఒక్క సెకనులో కెరటం ఎంత జరిగిందో చూసి దాని వేగం కూడా కడుతున్నారు.

మరో పద్ధతిలో ఉపగ్రహం తన వెలుగును తానే పంపుతుంది. 2018 సెప్టెంబరు 15న నాసా పంపిన ఐస్‌శాట్-2 సెకనుకు 10,000 సార్లు ఆకుపచ్చ లేజరు వెలుగును కిందికి విసురుతుంది. కొంత వెలుగు నీటి పైభాగం నుంచీ, కొంత అడుగునుంచీ తిరిగివస్తుంది. ఆ రెండింటి మధ్య కాలమే లోతును చెబుతుంది. చాలా తేట నీటిలో ఇది 40 మీటర్ల దాకా చూడగలదు. బురద మాత్రం దీనికీ శత్రువే.

గుండు తాడు ఇంకా కావాలి

ఏ పద్ధతిలో కట్టిన లోతునైనా కొన్నిచోట్ల నిజంగా కొలిచి సరిచూడాలి. బొమ్మ తీసిన క్షణంలో పోటు ఉందా, ఆటు ఉందా అని చూసి ఆ తేడాను సవరించాలి. లేకపోతే ఒకే చోటుకు ఉదయం ఒక లోతు, సాయంత్రం ఒక లోతు వస్తాయి. పడవలో వెళ్ళి బారలు లెక్కపెట్టే మనిషీ, ఆకాశంలో తిరిగే ఉపగ్రహమూ ఒకరికొకరు పోటీ కాదు, తోడు. మనిషి చెప్పినది కొన్నిచోట్లే, కాని నిజం. ఉపగ్రహం చెప్పినది అన్నిచోట్లా, కాని అంచనా. రెండూ కలిస్తేనే ఉప్పెన లెక్కకు పనికివచ్చే పటం తయారవుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇలాంటి పటం చూసి ఎవరూ సముద్రంలో స్నానానికి దిగకూడదు. ఒడ్డు దగ్గర గుంటలు రోజు రోజుకూ చోటు మారతాయి. నిన్నటి బొమ్మకు నేటి గుంట తెలియదు.

మీరే చేసి చూడండి

1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు సెక్కీ మధ్యధరా సముద్రంలో తెల్లని బిళ్ళను దింపి నీటి తేటదనాన్ని కొలిచాడు. మీరూ చేయవచ్చు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న రేకు మూతకు తెల్లరంగు వేయండి. మునగటానికి కింద ఒక రాయి కట్టండి. తాడుకు పది సెంటీమీటర్లకు ఒక ముడి వేసి మూతకు కట్టండి. మాస్టారినో, ఇంట్లో పెద్దవారినో తోడు తీసుకుని కాలువ వంతెన మీదినుంచి నీటిలోకి దింపండి. మూత కనిపించకుండా పోయేసరికి నీటిలో ఎన్ని ముడులు మునిగాయో రాసుకోండి. రంగును చూసి లోతు చెప్పే ఉపగ్రహం కూడా ఇంచుమించు ఆ లోతు దాకానే చూడగలదు. కాలువకు కొత్తనీరు వచ్చినప్పుడు ఒకసారి, చలికాలంలో ఒకసారి కొలిచి రెండింటినీ పోల్చండి.

ఆలోచించి చెప్పండి

1. మన పట్టిక ప్రకారం ఆకుపచ్చ అంకె 4 వచ్చిన గడి ఎంత లోతు?
2. 10 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే కెరటాల మధ్య ఒడ్డు దగ్గర 60 మీటర్ల ఎడం ఉంది. అక్కడ లోతెంత?
3. వరద వచ్చిన మరునాడు తీసిన బొమ్మలో కృష్ణ మొగ దగ్గర నీరు బాగా మెరుస్తున్నది. అక్కడ లోతు తక్కువ అనవచ్చా?

జవాబులు: 1. 10 మీటర్లు. 2. వేగం సెకనుకు 6 మీటర్లు. 36 ÷ 9.8 = సుమారు 3.7 మీటర్లు. 3. అనకూడదు. మెరిసేది అడుగు కాకపోవచ్చు, బురద కావచ్చు.